మా సారు మీద పెట్టిన శోకం

నిక్షేపంగా బతికున్న ఒక ప్రొఫెసరు గారిని, ఆయన అత్తగారి ఊళ్లో, అత్తగారి ఎదుటే, మైకులో చంపేసిన ఘనత నాది. ఆ సమయంలో ఆయన వేదిక మీదే ఉన్నారు. చేతిలో మంచినీళ్ల గ్లాసు కూడా ఉంది. ఆయన నా పై అధికారి. నా కాంట్రాక్టు నెలాఖరుకు ముగిసిపోతుంది. దాన్ని పొడిగించమని సంతకం పెట్టాల్సిన చెయ్యి, ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యే. ఇంతటి ముహూర్తాన్ని పంచాంగం చూసి కూడా ఎవరూ కుదర్చలేరు. నేను చూడకుండానే కుదిర్చాను.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. తెలుగు బాగా వచ్చినవాళ్లకు కంప్యూటర్ రాదు. కంప్యూటర్ బాగా వచ్చినవాళ్లకు తెలుగు రాదు. రెండూ సగం సగం వచ్చినవాళ్ల కోసం లోకంలో ఒక శాస్త్రం పుట్టింది. దాని పేరు డిజిటల్ హ్యుమానిటీస్. జానపద పాటల మీద పీహెచ్‌డీ చేసి, ఉద్యోగం దొరక్క కామారెడ్డిలో ఈగలు తోలుకుంటున్న నన్ను హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఈ శాస్త్రం కింద చేర్చుకున్నారు. కాంట్రాక్టు మీద అనుకోండి. మా శాస్త్రంలో పక్కా ఉద్యోగం ఉన్నవాళ్లు ఉంటారని విన్నాను, చూసింది మాత్రం మా సారునొక్కరినే.

మా బాపుకు కామారెడ్డిలో కిరాణా దుకాణం ఉంది. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు ఆయన కందిపప్పు తూస్తూ వివరాలు అడిగాడు.

"పాటలు రికార్డు జేస్తవా?"

"ఆ."

"మల్ల సినిమావోల్లకు ఇస్తవా?"

"లేదు బాపూ. ఏ ఊర్ల ఏ పాట దొరికిందో మ్యాపు మీద చుక్క పెడ్తం."

"చుక్క పెట్టినంక?"

"చుక్కలు లెక్కబెడ్తం."

బాపు పప్పు పొట్లం కట్టి, దారం తెంపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జీతమిస్తున్నరా?"

"ఇస్తున్నరు."

"అయితే ఈ ముచ్చట ఎవలకు జెప్పకు. ఇచ్చినన్ని దినాలు ఇయ్యనీ."

ఇక మా సారు. పేరు పురుషోత్తం. పెద్ద పండితుడు. ఆయనకు రెండు సూత్రాలుండేవి. ఒకటి, మూలానికి కత్తెర వేయరాదు. రెండు, కంప్యూటర్‌లో అడిగిన ఏ గడినీ ఖాళీగా వదలరాదు. పాటలు వినడం మాత్రం ఆయన సూత్రాల్లో లేదు. "ఒక్క పాట వింటే ఒక్క పాటే తెలుస్తుందయ్యా. వెయ్యి పాటలు లెక్కపెడితే సమాజం తెలుస్తుంది" అనేవారు. మేము పోగుచేసిన పాటల్లో ఒక్కటి కూడా ఆయన విన్న పాపాన పోలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ వినలేదు. మ్యాపును చూసి అందరూ భేష్ అనేవారు.

ఆ మ్యాపులో నాట్ల పాటలకు ఆకుపచ్చ చుక్క, బతుకమ్మ పాటలకు పసుపు, పెళ్లి పాటలకు ఎరుపు. శోకాలకు నలుపు. అంటే చావింట్లో ఆడవాళ్లు పోయినవాళ్ల గుణగణాలన్నీ రాగం తీసి తలుచుకుంటూ ఏడుస్తారే, అవి. నల్ల చుక్క మాకు ఒక్కటీ లేదు.

"సత్యనారాయణా" అన్నారు సారు ఒకరోజు. "వచ్చే వారం ఎల్లారెడ్డిలో మన సభ. మా అత్తగారి ఊరు. నల్ల రంగే లేని మ్యాపు పట్టుకుని అక్కడికెలా వెళ్తాం? ఒక్క శోకం పట్టుకురా. తర్వాత నీ పొడిగింపు సంగతి మాట్లాడదాం."

పాఠకులారా, శోకం పట్టుకురావడం అంగట్లో వంకాయలు పట్టుకురావడం కాదు. సదాశివనగర్‌లో ఒక చావింటి ముందు భయం భయంగా మైకు బయటికి తీశాను. ఆ ఇంటాయన నా మైకును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ తర్వాత కర్ర కోసం చూశాడు. వచ్చిన బస్సు ఎక్కడికి పోతుందో కూడా అడక్కుండా ఎక్కేశాను.

చివరికి లింగంపేట గుర్తొచ్చింది. అక్కడ మా నాయనమ్మ చెల్లెలు పోశవ్వ ఉంటుంది. బీడీలు చుడుతుంది. ఆమె శోకం పెడితే పగవాడికైనా కళ్లు తడవాల్సిందే. ఆ సంగతి అందరికన్నా ఎక్కువగా ఆమెకే తెలుసు.

వెళ్లేసరికి అవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మంచీ చెడూ అయ్యాక మెల్లగా అడిగాను.

"అవ్వా, ఒక శోకం పెట్టవా?"

చేతిలో బీడీ ఆగిపోయింది. "ఎవలు పోయిన్రురా?"

"ఎవలు పోలే."

"మల్ల?"

"ఊకెనే. రికార్డు జేసుకుంట."

"ఊకెనే శోకం బెడ్తరార, నీ సదువు పాడుగాను! పొద్దుగాల పొద్దుగాల ఇంటికొచ్చి అడిగే మాటేనా ఇది?"

"నీ లెక్క ఏడ్చేటోల్లు జిల్లాల లేరంటరు గదనే."

అవ్వ ముఖం కొంచెం విప్పారింది. "అది నిజమే. నేను పోయి ఏడ్వకుంటె లింగంపేటల పీనుగ లేస్తదా? గని, మనిషి లేకుంట ఏడుపెట్లస్తదిర? పేరుండాలె. ఏం తినేటోడు, ఏం జేసేటోడు, ఎవలతోని కొట్లాడేటోడు, అన్ని ఎరుకుండాలె."

"తాత మీద పెట్టు."

"ఆయన మీద ఏడ్సుడు ఎప్పుడో అయిపోయింది. మల్ల ఏడిస్తె సంతోషపడ్తడు. వద్దు."

"ఎవలన్న బతికినోల్ల పేరు..."

"పాపం తగుల్తది. బతికినోల్ల మీద ఏడ్వద్దు." అవ్వ ఆకు కత్తిరిస్తూ ఆలోచించింది. "కాకి తన్నినోని మీదనైతె ఏడ్వొచ్చు."

ఈ ఆచారం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మా వైపు మనిషి నెత్తి మీద కాకి తన్నిందంటే చావు దగ్గరపడ్డట్టే లెక్క. దానికి విరుగుడుంది. ఫలానావాడు పోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నమ్మి ఏడవాలి. ఆ మనిషికి రాసిపెట్టి ఉన్న ఏడుపంతా అలా ఖర్చయిపోతే చావు వట్టి చేతులతో తిరిగిపోతుంది. ఆ తర్వాత వీడు బతికే ఉన్నాడని చెబితే, చుట్టాలు నాలుగు తిట్టి చాయ్ తాగి వెళ్తారు.

"నీకెరుకైనోల్లల్ల ఎవలనన్న కాకి తన్నిందా?" అని అడిగింది అవ్వ.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పీహెచ్‌డీ దాకా వేశారు. కాంట్రాక్టు ముగిసే నెలలో మనిషికి దేవుడు గుర్తురాడు, పై అధికారే గుర్తొస్తాడు. తింటున్నా పడుకున్నా నాకు సారు ముఖమే కనబడేది. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"తన్నిందవ్వా. మా సారును."

"అయ్యో పాపం. పేరేంది?"

"పురుషోత్తం."

"మంచి పేరు. రాగంల ఒదుగుతది. ఏం జేస్తడు?"

"సదువుకున్నడు. బాగ."

"సదువుకున్నోల్ల మీద ఏడ్సుడు తిప్పలరా. వాల్లకు పొలముండది, గొడ్డుండది. ఇంకేమన్న జెప్పు."

చెప్పాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చావూ లేదు శవమూ లేదు, వివరాలు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాను. షుగరుందని చెప్పాను. ఇంట్లో మేడం రాగి జావ పోస్తే, సాయంత్రం విశ్వవిద్యాలయం గేటు పక్కన మిర్చీల బండి దగ్గర ఆయన నిలబడతారని చెప్పాను. జుట్టుకు రంగేస్తారని చెప్పాను. అద్దాలు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా వెతుకుతారని చెప్పాను. మాటల్లో మాటగా నా నౌకరీ బాధ కూడా చెప్పుకున్నాను. అవ్వ అన్నింటికీ తల ఊపింది. మైకు పెట్టాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవ్వ అందుకుంది.

"ఓ కొడుకా పురుషోత్తమా..."

పాఠకులారా, నవ్వుతాలుకు చెప్పడం లేదు, నా ఒళ్లు జలదరించింది. ఉదయం నాతో ఫోన్లో మాట్లాడిన మనిషి నిజంగానే పోయాడనిపించింది.

అవ్వ గొంతు వీధి మలుపు తిరిగిందో లేదో, పక్కింటి సాయవ్వ చాట కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనుక ఆ వాడకట్టులోని బీడీలు చుట్టే ఆడవాళ్లంతా వచ్చారు. శోకం వినబడితే ముందు వచ్చి మెడ మీద పడి ఏడవాలి, ఎవరు పోయారన్నది తర్వాత అడగాలి. అది మర్యాద. ఏడుపు కోరస్‌గా మారింది. రికార్డరులో ముల్లు ఎగిరి పడుతోంది. ఇంత మంచి రికార్డింగు మా విభాగంలో ఇంతవరకు ఎవరూ చేయలేదని నేను లోపల్లోపల మురిసిపోతున్నాను. అప్పుడే అవ్వ నా నౌకరీ సంగతి అందుకుంది. ఏం చెప్పమంటారు, ఆ ఒక్క చరణానికి నేనూ వాళ్లతో కలిసి వెక్కి వెక్కి ఏడ్చాను. నటన కాదు. నాకు ఆ భయం అంత ఉంది.

అంతా అయ్యాక సాయవ్వ ముక్కు తుడుచుకుని అడిగింది. "ఇంతకు ఎవలు పోయిన్రు వదినె?"

"వీని సారు."

"ఎట్ల పోయిండు?"

"పోలే."

అందరూ నా వైపు చూశారు.

"కాకి తన్నింది" అంది అవ్వ.

"ఆ, గట్లనా" అని అందరూ లేచి, కొంగులు దులుపుకుని, ఎవరి చాటల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

కామారెడ్డికి తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూలానికి కత్తెర వేయరాదు కాబట్టి వేయలేదు. శోకం "ఎవరి మీద" అన్న గడి ఖాళీగా వదలరాదు కాబట్టి వదల్లేదు. సారు సూత్రాలు రెండూ పాటించాను. ఎవరు వింటారులే అన్న ధైర్యం నాది. మ్యాపు మీద లింగంపేట దగ్గర ఒక్కగానొక్క నల్ల చుక్క పడింది.

సారు ఫోన్ చేశారు. "భేష్ సత్యనారాయణా! చుక్క చూశాను. ఎలా ఉంది శోకం?"

"కన్నీళ్లు వస్తాయి సార్."

"మంచిది" అని ఆయన వినకుండానే ఫోన్ పెట్టేశారు.

ఎల్లారెడ్డి సభకు ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. "డిజిటల్ హ్యుమానిటీస్ - ఉద్యోగావకాశాలు" అని వెనకాల ఫ్లెక్సీ. డిగ్రీ పిల్లలు వెనుక వరసల్లో ఉన్నారు. అల్లుడు ఉపన్యాసం ఇస్తాడంటే సారు అత్తగారి వాడకట్టంతా ముందు వరసల్లోకి వచ్చింది. మధ్యలో అత్తగారు, ఆమె పక్కన సారు భార్య సులోచన మేడం. బావమరిది శ్రీను సన్మానం కోసం పూలదండ తేవడానికి బజారుకు వెళ్లాడు. జనం పట్టక బయట కూడా ఒక స్పీకరు పెట్టారు.

సారు గంభీరంగా మాట్లాడారు. ఒకమ్మాయి లేచి, "సార్, ఇది సదివితే నౌకరి వస్తదా?" అని అడిగింది.

"ఎందుకు రాదమ్మా? ఇదిగో, మా సత్యనారాయణ లేడూ?" అని నన్ను చూపించారు. నేను నిలబడి నమస్కారం పెట్టాను. నా కాంట్రాక్టు తేదీ మాత్రం చెప్పలేదు.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "సార్, అన్ని రంగులు మస్తుగున్నయి. ఆ నల్ల చుక్క ఒక్కటే ఉన్నది, అదేంది?"

"శోకం. చాలా అపురూపమైనది."

"ఇనిపిస్తరా సార్?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. నేను ఒక్క గంతులో వేదిక ఎక్కాను.

"సార్, వద్దు సార్. ధ్వని బాగాలేదు."

"కన్నీళ్లొస్తాయని నువ్వే అన్నావుగా."

"కరెంటు పోయేట్టుంది సార్."

"పోయినప్పుడు చూద్దాం" అని సారు నల్ల చుక్క మీద నొక్కారు.

"ఓ కొడుకా పురుషోత్తమా..." అంది అవ్వ, హాలు లోపలా బయటా.

సారు చిరునవ్వు నవ్వారు. "చూశారా, ఆ పోయినాయన పేరు కూడా పురుషోత్తమే."

"కండ్లద్దాలు నెత్తిమీద బెట్టుకోని, ఊరంత ఎతుకుతుంటివి కొడుకా..."

సారు చెయ్యి మెల్లగా నెత్తి మీదికి వెళ్లింది. అద్దాలు అక్కడే ఉన్నాయి. ఆపే బొత్తం ఆయన ముందే ఉంది గానీ, చెయ్యి ఇంకా అద్దాల దగ్గరే ఉండిపోయింది.

"తలకు నల్లరంగు ఏసుకుంటివి కొడుకా, యముని కండ్లకు తెల్లగనే కానస్తివి కొడుకా..."

ముందు వరసలన్నీ ఆయన తల వైపు చూశాయి.

"సక్కెర బీమారి ఉన్నోనివి కొడుకా, ఇంట్ల రాగి జావ తాగితివి కొడుకా, గేటు కాడ మిర్చీల బండి ఇడువకపోతివి కొడుకా..."

సులోచన మేడం లేచి నిలబడ్డారు. ఆమె నోరు తెరిచేలోపు పక్కన అత్తగారు గొల్లుమన్నారు. ఆమె తప్పేం లేదు. చెవిన శోకం పడింది, అందులో అల్లుడి పేరుంది. ఇక ఎదురుగా ఎవరు నిలబడి ఉన్నారన్నది ఆమెకు పట్టలేదు.

"అయ్యో నా అల్లుడా! నా బిడ్డ నోట్ల మన్ను గొడితివా!"

"అత్తమ్మా, నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు సారు మైకులో.

"నువ్వాగు బిడ్డా, ఏడ్వనీ!" అని ఆమె ఇంకో రాగం అందుకున్నారు. ఆ వరసలోని ఆడవాళ్లంతా ఆమె మెడ మీద పడ్డారు.

ఇంతలో బయటి స్పీకరు విన్న శ్రీను పూలదండతో సహా ఏడుస్తూ లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "బావా! పొద్దుగాల మంచిగనే ఉంటివి గద బావా!" అంటూ వేదికెక్కి సారును కావలించుకున్నాడు. సారే అతని వీపు నిమిరి ఓదార్చాల్సి వచ్చింది. దండ ఎప్పుడు ఎలా పడిందో గానీ సారు మెడలో పడింది. అది మరీ బాగాలేదు.

అప్పుడొచ్చింది ఆఖరి చరణం.

"నా మనుమని నౌకరి పక్కా జేస్తనంటివి కొడుకా, సత్తెన్న నౌకరి జేయకనే పోతివి కొడుకా..."

హాలంతా నా వైపు తిరిగింది. ఏడుపు కూడా ఆగింది.

"ఎవల పని ఇది?" అన్నారు సులోచన మేడం. "బతికిన మనిషి మీద శోకం బెట్టిస్తరా?"

"కాకి తన్నింది మేడం" అన్నాను. ఇంకేం తోచలేదు.

"కాకి తన్నిందా!" మేడం సారు వైపు తిరిగారు. "నాకు జెప్పలేదేంది? నిజమేనా?"

సారు శకునాలను నమ్మరు. మూఢనమ్మకాల మీద ఆయన రాసిన వ్యాసాలు పిల్లలకు పాఠాలుగా ఉన్నాయి. తన్నిందంటే ఆయన పరువు పోతుంది. తన్నలేదంటే వట్టి పుణ్యానికి అల్లుడికి చావు శకునం పలికారని అత్తగారు అక్కడికక్కడే పడిపోతారు. ఆయన అత్తగారిని చూశారు, మెడలో దండను చూశారు, నన్ను చూశారు. ఆ చివరి చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"తన్నింది" అన్నారు మైకులో.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. అత్తగారు కళ్లు తుడుచుకుని నా దగ్గరకొచ్చి మెటికలు విరిచారు. "బంగారమసొంటి పిలగాడు. మా అల్లుని గండం కడతేర్చిండు. మేమంత ఏడిస్తిమి గద, ఇగ భయం లేదు."

"కాకి ముచ్చట సరే" అన్నారు మేడం, సారు మీంచి చూపు తిప్పకుండా. "ఆ మిర్చీల బండి ఏ గేటు కాడుంటది?"

సారు మంచినీళ్లు తాగారు.

మధ్యాహ్నం అత్తగారింట్లో అందరికీ కోడికూర వడ్డించారు. సారుకు రాగి జావ పోశారు. భోజనాలయ్యాక ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. నా కథ ఇక్కడితో ముగిసిందని అనుకుంటూ వెళ్లాను. బాపుకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

"సత్యనారాయణా, నన్ను కాకి ఎప్పుడు తన్నింది?"

"తన్నలేదు సార్."

"శకునాల మీద ఇన్నేళ్లుగా నేను రాసిందంతా ఒక్క పూటలో తుడిచేశావు."

"తప్పయింది సార్. మ్యాపులోంచి తీసేస్తాను."

"మూలానికి కత్తెర వేయరాదు" అన్నారు సారు నీరసంగా. ఇంటి వైపు చూస్తూ మళ్లీ మొదలుపెట్టారు. "శోకంలో చెప్పిన కొరత తీరకపోతే గండం పూర్తిగా పోదని మా అత్తగారు అంటున్నారు. నీ ఉద్యోగం పక్కా చేసేదాకా నాకు జావ తప్ప ఇంకేమీ దొరకదని మా ఆవిడ అంటోంది."

"అంటే... పక్కా అవుతుందా సార్?"

"ఎలా అవుతుందయ్యా? నేను రాయగలిగింది ఆర్నెల్ల పొడిగింపు. అది రాస్తాను." ఆయన గొంతులో మొదటిసారి నిజమైన బాధ వినబడింది. "అంత చక్కటి శోకం, ఊరంతా కలిసి ఏడ్చిన శోకం, తీసుకుపోయి నా మీద ఖర్చుపెట్టావు. పక్కా చేసే ఫైలు రిజిస్ట్రార్ దగ్గరుంటే నా మీద ఏడిపించి ఏం లాభం?"

సారు ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, నాకు దగ్గరగా జరిగారు.

"ఆయనకు జిలేబీ అంటే ప్రాణం. నడుం నొప్పి ఉంది. ఇద్దరు తమ్ముళ్లతో మాటల్లేవు. మిగతా వివరాలు రేపు చెప్తాను. మీ అవ్వకు తీరిక ఎప్పుడో కనుక్కో."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, నేను నేర్చిన సగం తెలుగు మీదా, సగం కంప్యూటర్ మీదా ఒట్టుపెట్టి ప్రమాణం చేస్తున్నాను. మనిషి చచ్చాడో బతికాడో చూడకపోయినా పరవాలేదు గానీ, ఫైలు ఎవరి దగ్గరుందో తెలుసుకోకుండా ఈ జన్మలో మళ్లీ ఎవరి మీదా శోకం పెట్టించను.